ఏడుకొండల పట్టాదారుకు బహిరంగ విన్నపము

మహారాజరాజశ్రీ, నిఖిల భూమండలోద్ధారకులు, తిరుమల స్వామిపుష్కరిణీ వాయవ్యతీర నివాసులు, శ్రీశ్రీశ్రీ ఆదివరాహస్వామివారి దివ్యసముఖమునకు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా టేకుమట్ల వాస్తవ్యుడగు ఒక అర్జీదారుడు సాష్టాంగ దండప్రణామములు చేసి వ్రాసికొను విన్నపము.

ఈ యుత్తరము తమ పేర వచ్చుట చూచి, చిరునామా తప్పి వచ్చినదేమో యని తమ కొలువువారు శంకింపవచ్చును. ఏలయన తిరుమలకొండ కెక్కు మ్రొక్కుబడులన్నియు, ముడుపులన్నియు, నిందాస్తుతులన్నియు తమ పొరుగున నున్న వేంకటేశ్వరస్వామివారి పేరిటనే వచ్చుట లోకమున వాడుక. ఇది తప్పి వచ్చినది కాదు. భూమి వ్యవహారము తేలవలెనన్న కౌలుదారుని వాకిట నిలిచి లాభము లేదనియు, పట్టాదారునే పట్టుకొనవలెననియు మా ప్రాంతమున పసిపిల్లవానికి గూడ తెలియును.

అర్జీలు వ్రాయుటయందు మేము అనుభవము లేనివారము కాము. 2016వ సంవత్సరము అక్టోబరు నెలలో క్రొత్త జిల్లాలు పుట్టినప్పుడు చిట్యాల నుండి విడివడి మా టేకుమట్ల తానే యొక మండలమైనది. నాటినుండి సోమవారము వచ్చినదన్న మావారు ప్రజావాణికి కాగితములు చేతపట్టి కలెక్టరు కచేరికి పోవుచునే యున్నారు. మా మండలములోని గర్మిళ్ళపల్లికిని, మానేటికి ఆవలియొడ్డున నున్న ఓడేడుకును నడుమ అదే 2016లో మొదలుపెట్టబడిన వంతెన, దానిమీద ఒక్క బండియైన నడువక మునుపే, 2024 ఏప్రిల్ నెలలో ఒక రాత్రి వీచిన గాలికి కొన్ని గడ్డర్లను ఏటిలో పడవైచి, ఆ వార్త చేత మా పల్లెలకు దేశమంతట ప్రసిద్ధి తెచ్చిపెట్టినది. గాలికి వంతెన కూలిన సీమలో నివసించువాడు, రసాతలమున మునిగిన భూమినంతను ఒక్క కోరపై నెత్తి, మరల జారకుండ నిలిపిన మహనీయునకు అర్జీ పెట్టుకొనుట తగనిపని కాదని నా మనవి.

ఇక వ్యవహారమును మొదటినుండి విన్నవించెదను. హిరణ్యాక్షుడు భూమిని చాపచుట్టగా చుట్టి పట్టుకొనిపోగా, తాము వరాహరూపమున వానిని పరిమార్చి, భూదేవిని పైకి తెచ్చి, శ్రమ తీర్చుకొనుటకు శేషాచలముపై వెలసితిరని పురాణము. అందుచేతనే ఆ కొండకు ఆదివరాహక్షేత్రమని ప్రసిద్ధి. తమ హక్కునకు పూర్వపు లింకు దస్తావేజులు చూపుడని అడుగగల సబ్ రిజిస్ట్రారు పదునాలుగు లోకములలో లేడు. అంతకు మునుపు ఆ భూమి నీట మునిగియున్నది గదా! పిమ్మట చాలకాలమునకు, లక్ష్మీదేవి అలిగి కొల్హాపురమునకు పోగా, వైకుంఠము విడిచి, పుట్టలో తలదాచుకొని, పసులకాపరి గొడ్డలిదెబ్బ నెత్తిమీద తిని, ఆ గాయమునకు మందాకులు వెదకికొనుచు అడవిలో తిరుగుచున్న శ్రీనివాసుడు తమ కంటబడి, కలియుగము గడచునందాక తలదాచుకొనుటకు నూరడుగుల చోటు దయచేయుడని యడిగెను. తాము వెల యడిగితిరి. ఆయన వద్ద చిల్లిగవ్వ లేదు. అప్పుడు కుదిరిన ఒడంబడికలో షరతులు మూడు: ఈ కొండపై తొలిపూజ తమకు, తొలి నైవేద్యము తమకు, తొలి దర్శనము తమకు. రొక్కము లేదు, ధాన్యము లేదు, వెట్టి లేదు. పైగా ఆ దిక్కులేనివానికి వండిపెట్టుటకు తమ సేవలో నున్న వకుళమాతను గూడ తామే పంపితిరి. కౌలుదారునకు పొలము నిచ్చి, వంటమనిషిని గూడ ఇచ్చిన పట్టాదారుని గూర్చి మేము ఇంకెక్కడను వినలేదు.

తమ కౌలుదారునియందు మా ప్రాంతపు జనులకు గల ప్రేమకు కారణము నాకు ఈ కథలోనే కనబడుచున్నది. ఆయనకు సొంతభూమి లేదు. ఆకాశరాజు కుమార్తె యగు పద్మావతిని పెండ్లాడుటకు కుబేరుని వద్ద పదునాలుగు లక్షల నిష్కములు అప్పుచేసి, బ్రహ్మరుద్రులను, చాలదన్నట్లు రావిచెట్టును సాక్షిగా పెట్టి, పత్రము వ్రాసియిచ్చి, కలియుగాంతము వరకు వడ్డీ కట్టుటకు ఒప్పుకొనెను. పంట నూర్చిన దినముననే షావుకారు కళ్ళమువద్దకు వచ్చి కూర్చున్నట్లు, హుండీలో రాలిన ప్రతి కాసును కుబేరుని లెక్కకే జమయగుచున్నదని జనుల నమ్మకము. కౌలుకు తీసికొన్న చేనిలో పత్తియో మిరపయో వేసి, వడ్డీకి తెచ్చిన డబ్బుతో విత్తనములు కొని, వానకొరకు మొగమెత్తి చూచువాడు, తనవంటి బ్రతుకే బ్రతుకుచున్న ఈ దేవుని గాక మరెవరిని కొలుచును? 2018లో మా ప్రభుత్వము పంటకు పెట్టుబడి సాయమును పంచిపెట్టినప్పుడు ఆ సొమ్ము పట్టాదారుల ఖాతాలకే పోయినది. చేను దున్నిన కౌలుదారుని గడప త్రొక్కలేదు. 2020లో వచ్చిన ధరణి అను భూమి రికార్డులలో, పూర్వపు పహాణీలలో నుండిన అనుభవదారు కాలమే లేకపోయినది. ఆ లెక్కన చూచిన, తిరుమలకొండ సాంతము తమ పేరనే యుండి, ఆనందనిలయములో నిలిచియున్నవారు ఎవరో రికార్డులకు తెలియకపోయెడిది.

అట్లని తమ హక్కునకు భంగము కలుగునని భయపడ నక్కరలేదు. మా హైదరాబాదు రాజ్యమున 1950లో ఒక కౌలుదారీ చట్టము వచ్చినది. చిరకాలము సేద్యము చేసిన రక్షిత కౌలుదారునకు 38-ఇ అను సెక్షను క్రింద భూమి యాజమాన్యమే సంక్రమించునట్లు ఆ చట్టములో ఏర్పాటు జరిగినది. దానికొరకు పట్టాదారులును కౌలుదారులును తరములు మారినను కచేరీల చుట్టు తిరుగుచునే యున్నారు. ఆ చట్టమే గనుక శేషాచలమునకు వర్తించియుండిన, తమ కౌలుదారుని కన్న చిరకాలపు అనుభవదారు దొరకడు గావున, తమ పట్టా ఏనాడో రద్దయి యుండెడిది. తిరుమల నాడు మద్రాసు రాష్ట్రములోని చిత్తూరు జిల్లాలో నుండుటచేత తాము బ్రతికిపోయితిరి.

కౌలు బాకీ లెక్క చూచిన, మూడు షరతులలో మొదటి రెండును అర్చకుల చేతిలోనివి. నైవేద్యము మొదట తమ సన్నిధికి పోయి, ఆ తరువాతనే వేంకటేశ్వరస్వామికి సమర్పింపబడుట నేటికిని జరుగుచున్నది. ఆ కొండమీద పరిపాలనము ఎన్నిమారులు చేతులు మారినదో తమకు తెలియనిది కాదు. 1801లో ఈస్టిండియా కంపెనీవారు వచ్చిరి. 1821లో బ్రూసుదొర కోడు అని నిబంధనలు వ్రాసికొనిరి. 1843లో హాథీరాంజీ మఠపు మహంతులకు అప్పగించి తప్పుకొనిరి. 1933లో దేవస్థానముల కమిటీ ఏర్పడెను. వచ్చినవారెల్లరు లెక్కలు మార్చిరి, తాళములు మార్చిరి, మర్యాదలు మార్చిరి. నైవేద్యము ముందెవరికి అను క్రమమును మాత్రము మార్చుటకు ఎవరికిని చేతులాడలేదు. కావున ఆ రెండు షరతుల క్రింద కౌలు ఏనాటి కానాడు చెల్లిపోయినట్లే.

మూడవ షరతు భక్తుల కాళ్ళలోనిది. బాకీ పడినది అక్కడనే.

పూర్వము ఈ బాకీ పడుటకు సందే యుండెడిది కాదు. అలిపిరి వద్ద మెట్లెక్కనారంభించి, గాలిగోపురము దాటి, మోకాళ్ళమిట్ట వద్ద మోకాళ్ళు పట్టుకొని, ఎనిమిదేండ్ల ప్రాయమున అన్నమయ్య సొమ్మసిల్లి పడిన చోట తామును క్షణకాలము కూలబడి లేచి, చెమటతోను ధూళితోను కొండమీదికి చేరినవానికి మొట్టమొదట కావలసినది స్నానము. స్నానమునకు పుష్కరిణి, పుష్కరిణి గట్టునకు రాగానే తమ గుడి. తడిబట్టతో తమకు మ్రొక్కి, ఆ మీదట మహాద్వారము వైపు మరలుట వానికి సహజముగానే జరిగిపోయెడిది. కాళ్ళు నడచిన దారియే సంప్రదాయము నడచిన దారి. 1944లో మొదటి ఘాటురోడ్డు, 1974లో రెండవ ఘాటురోడ్డు వచ్చి, మనిషి చెమట పట్టకుండ గంటలోపల కొండమీద దిగునట్లు చేసినవి. అది ముసలివారికి, రోగులకు, చంటిబిడ్డల తల్లులకు మహోపకారము; దానిని నిందించుట పాపము. కాని స్నానము కొండక్రింది బసలో ముగిసిపోవుటతో పుష్కరిణితో పని తీరినది. పుష్కరిణితో పని తీరగానే తమతోను పని తీరినది. పిమ్మట వైకుంఠం క్యూ కాంప్లెక్సు వచ్చినది. దినమునకు అరువది డెబ్బదివేల జనము నొక్క వాకిట పంపవలసినవారు ఏదో యొక యేర్పాటు చేయక తీరదు గదా! అయితే వరుస మొదలగు చోటు ఒకటి, తమ గుడి మరియొకటి. టోకెను మీద వేళ అచ్చుపడియున్నవాడు బస్సు దిగి గడియారము చూచుకొని వరుసలోనికి దుముకును. అందు దుమికిన తరువాత వెలుపలికి వచ్చుట లోపలికి పోవుట కన్న కష్టము.

ఆ కాంప్లెక్సు కంపార్టుమెంటులలో కూర్చుండి యున్నప్పుడు జనులు మాటలాడుకొను విషయములను తాము ఒక్కమారు వినవలెను. ఎవరికి ఏ టికెట్టు దొరికినది, మూడువందల రూపాయల దర్శనము ఆన్‌లైనులో ఎన్ని నిమిషములలో అయిపోయినది, ఎవరి బావమరిదికి ఏ నాయకుడు ఉత్తరమిచ్చినాడు, ఇవియే అచటి పురాణకాలక్షేపము. తెలంగాణ ప్రజాప్రతినిధుల సిఫారసు ఉత్తరములు కొండమీద చెల్లుటలేదని మావారు చిరకాలము నొచ్చుకొని, 2025 మార్చి 24వ తేదీ నుండి అవి చెల్లునని తెలియగానే, కాలువలలోనికి నీరు వచ్చినంత సంతోషించిరి. అప్పటినుండి శాసనసభ్యుల వాకిళ్ళలో పింఛనుల అర్జీలకు తోడు దర్శనపు అర్జీలు చేరినవి. ఇన్ని పాట్లు పడి లోపలికి పోయినవానికి, జయవిజయుల వాకిటనుండియే చూపించి పంపు మహాలఘుదర్శనము; “జరగండి, జరగండి” అను మాట చెవిలో పడునప్పటికి స్వామి కన్నులకు కట్టిన నామము మాత్రము కంటబడి, చేతులు జోడించునంతలో ధ్వజస్తంభము వద్ద తేలుట. ఏ కులశేఖరాళ్వారు ఆ సన్నిధి గడపనై పడియుండిన చాలునని కోరుకొనెనో, ఆ గడప దరికి పోవుటయే నేడు గొప్ప పలుకుబడి గలవారి భాగ్యమైనది.

ఆ యిరుకునుండి బయటపడిన జనము లడ్డూల కౌంటరుకు పోవుదురు గాని, నాలుగడుగుల దూరమున నున్న తమ గుడికి పోరు. తిరుపతికి దిగు బస్సు వేళ, రైలు వేళ వారిని తరుముచుండును. మా యూరివారికి వచ్చిన తొందర మరింత పెద్దది: తిరుపతిలో పద్మావతీ ఎక్స్‌ప్రెస్సు పట్టిన గాని వరంగల్లు చేరరు, వరంగల్లు చేరిన తరువాత గాని మా బస్సుల పురాణము మొదలు కాదు.

అట్టి తొందరలో నున్న ఒక కుటుంబమును పుష్కరిణి గట్టున నేను చూచితిని. మా వైపు వారేయని మాటలవలన తెలిసినది. ముసలామె అప్పుడే తలనీలాలిచ్చి వచ్చినది; నున్నని తలమీద పూసిన గంధము ఎండకు పొరలుగా లేచుచున్నది; చంకలో లడ్డూల సంచి; దాని జిగురునకు చీమలు పట్టునేమోనని మాటిమాటికి సంచి దులుపుచున్నది. కొడుకు ముందు నడచుచు, “అవ్వా, జెర జల్ది నడువు, బస్సు పోతది” అని కేకవేయుచున్నాడు. ఆమె తమ గోపురము వంక చూచి ఆగి, ప్రక్కనే యున్న నన్ను, “గీ గుడి ఎవలది బిడ్డా?” అని యడిగినది. “వరాహస్వామిది, అవ్వా. ఈ జాగ ఈయనదే. వెంకన్నకు ఉండనీకె ఇచ్చిండు” అంటిని. ఆమె కొంతసేపు ఆలోచించి, “జాగ ఈయనదైతే ముందుగాల ఈయనకు చెప్పి గద పోవాలె? మాకు ఒక్కలన్న చెప్పకపోతిరి” అని, సంచి కొడుకు చేతికిచ్చి, నన్ను గాని కొడుకును గాని చూడకుండ లోపలికి నడచినది. కొడుకు సంచి పట్టుకొని గడియారము వంక చూచుచు నిలిచిపోయెను. ఆగమములు చదువని ఆమె, తాసీల్దారు కచేరిలో మాత్రమే చట్టమును చూచిన ఆమె, మూడవ షరతుపై మూడు ముక్కలలో తీర్పుచెప్పినది.

ఆ తీర్పునే నేను ఈ యర్జీకి ఆధారముగా చేసికొనుచున్నాను. పురాణకథయే గదా, ఎవరిని ముందు చూచిన నేమి, ఎవరిని వెనుక చూచిన నేమి, తుదకు అందరును విష్ణువే గదా యని చదువుకొన్నవారు కొందరు వాదింతురు. వేదాంతమున అది ఒప్పు, వ్యవహారమున తప్పు. ఇల్లు కట్టుకొన్నవాడు స్థలమిచ్చినవానిని, పంట అమ్ముకొన్నవాడు నీరు విడిచినవానిని, పదవి ఎక్కినవాడు ఓటు వేసినవానిని ముందు తలచుకొనవలెనని లోకమునకు నేర్పుటకు ఇంతకంటె సుకరమైన పాఠము లేదు. దానిని ఏడుకొండల మీద, కుబేరునకు గూడ ఋణపడిన దేవుని చేత తాము ఆచరింపజేసి చూపితిరి. ఇచ్చినవాడు చిన్న గుడిలో నుండును. పుచ్చుకొన్నవాడు బంగారుగోపురము క్రింద నుండును. అయినను నైవేద్యము ముందు చిన్న గుడికే పోవును. ధనము వచ్చినను, జనము వచ్చినను, ఆ వరుస తప్పరాదని దాని యర్థము. అట్టి కొండమీద మేము ముందెవరు, వెనుకెవరు అను ప్రశ్నను టికెట్టు వెలతోను, ఉత్తరము మీది సంతకముతోను తేల్చుకొనుచున్నాము.

మాకు చేరువ నుండు దేవతల వద్ద ఈ బాధ లేదు. నైన్‌పాకలోని గుడికి నాలుగు దిక్కుల నాలుగు వాకిళ్ళు కలవు. ఏ దిక్కున వచ్చినవాడు ఆ దిక్కున మ్రొక్కుకొని పోవచ్చును. రేగొండ మండలము తిరుమలగిరి గుట్టలలో బుగులోని వేంకటేశ్వరస్వామికి కార్తీకపున్నమకు జాతర జరుగును; అచటికి ఎడ్లబండి కట్టుకొని పోయినవారికిని, కారులో పోయినవారికిని గుట్ట ఒక్కటే, రాళ్ళు ఒక్కటే. అయినను ఆ జాతర చూచుకొని వచ్చినవాడు గూడ, అసలు తిరుపతి ఎప్పుడు పోదుమా యని మ్రొక్కుకొనుచునే యుండును. కావున తిరుమలలో వరుస చక్కబడిన గాని మా మనస్సు కుదుటపడదు.

కాబట్టి తమ సముఖమున నా ప్రార్థనలు ఇవి.

మొదటిది, బాకీ పేరుచెప్పి తమ కౌలుదారుని ఖాళీచేయింపవలదు. ఆయన తన వంతు రెండు షరతులను ఏనాడును తప్పలేదు. 1985 నుండి తన వాకిటికి వచ్చినవారికి నిత్యాన్నదానము చేయించుచున్నాడు. తమ కథను తెలుగు పద్యములలో వేంకటాచల మాహాత్మ్యముగా వ్రాసి, ఆ కొండమీదనే కన్నుమూసిన తరిగొండ వెంగమాంబ పేరిటి సత్రములో, సిఫారసు ఉత్తరము అడుగకుండ అందరికి విస్తరి వేయించుచున్నాడు. ఇంత మంచి కౌలుదారు మరల దొరకుట కష్టము.

రెండవది, బాకీపై వడ్డీ వేయవలదు. కుబేరుడు వేసిన వడ్డీయే ఆయనకు చాలును.

మూడవది, ఈ విన్నపము చదివిన యే ఉత్సాహవంతుడైన అధికారియు, తమ సన్నిధికి గూడ శీఘ్ర వరాహదర్శనమని యొక టికెట్టును, వారమునకు రెండుదినములు వరాహ బ్రేకు దర్శనమును ఏర్పాటు చేయకుండ తమ కోరతో అడ్డగింపవలెను. బాకీ తీర్చుటకు మేము వచ్చునప్పుడు ఆ వాకిట సిఫారసు మొలిచిన, బాకీ రెట్టింపగును. దానికి మారుగా, టోకెను మీద వేళతోపాటు “ముందు వరాహదర్శనము” అని రెండుముక్కలు అచ్చువేయించు బుద్ధిని వారికి కలిగింపవలెను. సిరాకు పెద్ద ఖర్చు కాదు.

నాలుగవది, రొక్కము పుచ్చుకొనక మర్యాదను మాత్రమే కౌలుగా పుచ్చుకొన్న పట్టాదారులు తాము గనుక, మా సీమలోని పట్టాదారులకు కలలో కనిపించి, చేను దున్నువాని పేర ఒక కౌలుకాగితమైనను వ్రాసియిచ్చుటకు వెరవకుడని బోధింపవలెను. కాగితము లేనందున మావాడు బ్యాంకు అప్పునకు పనికిరాడు. అందుచేత కుబేరుని వంటివాని వాకిటికే పోవుచున్నాడు.

అయిదవది చిన్నకోరిక. భూమినే ఎత్తినవారికి అది లెక్కలోనిది కాదు. మానేటి మీది మా గడ్డర్ల సంగతి వీలు చూచుకొని ఆలోచింపవలెను.

ఇక పాఠకమహాశయులకు ఒక మనవి. దేవస్థానమువారు ముందు వరాహదర్శనము చేయుడని చెప్పుచునే యున్నారు, పెద్దలు చెప్పుచునే యున్నారు, వినవలసినవారము మనమే. తమకు ఏ టికెట్టు దొరికినను, దొరకకపోయినను, కొండమీద దిగినవెంటనే వరుసలోనికి పరుగెత్తక, టోకెను వేళకు కొంచెము ముందుగా చేరునట్లు బయలుదేరి, పుష్కరిణి గట్టునకు పోయి, వాయవ్యమూలనున్న ఆ చిన్నగుడిలో తల వంచి, ఆ తరువాతనే వేంకటేశ్వరుని వాకిటికి నడువుడు. తమతో వచ్చిన ముసలివారికి ఆ గుడి ఎవరిదో ముందుగానే చెప్పుడు. అర్చకులు తీర్చవలసినది అర్చకులు తీర్చుచున్నారు. మన పాదములు తీర్చవలసిన బాకీని మరియొకరు తీర్చలేరు.

చిత్తగింపవలెను.

ఇట్లు,
తమ భూమిమీదనే నివసించు
టేకుమట్ల అర్జీదారుడు